ఆఫీసు ఉద్యోగులకి ఆన్‌లైన్ వెల్‌బీయింగ్ ట్రైనింగ్ చేయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపలక:
అందరికీ నమస్తే. నేను మా కంపెనీ ట్రైనింగ్ టీమ్‌లో చేస్తాను. ఆన్‌లైన్‌లో వెల్‌బీయింగ్ కోర్సు ఒకటి మూడు నెలల్లో రెడీ చేయమన్నారు, 400 మందికి, అందరూ రోజంతా స్క్రీన్ ముందు ఉండేవాళ్లే. నేను అనుకున్నది గంటన్నర వీడియో, అందులో నిద్ర, స్ట్రెస్, శ్వాస వ్యాయామాలు, కూర్చునే పద్ధతి, చివర్లో పది ప్రశ్నల క్విజ్, పాసైతే సర్టిఫికెట్. రాసుకుంటుంటే నాకే ఏదో తేడాగా అనిపిస్తోంది. పోయినసారి ఇలాంటిదే పెడితే చాలామంది వీడియో మ్యూట్‌లో పెట్టేసి పక్క ట్యాబ్‌లో పని చేసుకున్నారు, వాళ్లని ఏమనగలం, డెడ్‌లైన్లు అలా ఉన్నాయి. ఈసారైనా వాళ్లకి నిజంగా పనికొచ్చేది ఇవ్వాలని ఉంది. ఇలాంటివి తయారుచేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాఠాలపని:
గంటన్నర వీడియో మాత్రం వద్దండి. ఒకసారి నేర్చుకుని మళ్లీ ముట్టుకోకపోతే ఎంత త్వరగా మర్చిపోతామో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని చూపించాడు. ఎనిమిది పది నిమిషాల ముక్కలు చేసి వారానికొకటి వదలండి, ప్రతి దాంట్లో పోయినవారం సంగతి ఒకటి మళ్లీ అడగండి. ఇంకోటి, 'ఒత్తిడి తగ్గించుకోండి' అని చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు, ఎప్పుడు ఏం చేస్తారో వాళ్ల చేతే రాయించాలి, 'మీటింగ్ అయిపోగానే ఇంకో లింక్ నొక్కేలోపు లేచి రెండు నిమిషాలు నడుస్తా' ఇలా. గోల్విట్జర్ అనే సైకాలజిస్టు ఈ 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా' ప్లాన్ల మీదే ఏళ్ల తరబడి పనిచేశారు, ఊరికే అనుకోవడం కన్నా ఇలా రాసుకుంటే చేసే అవకాశం ఎక్కువ. క్విజ్ గురించి చెప్పాలంటే, ట్రైనింగ్ ఎంత పనిచేసిందో కొలిచే కిర్క్‌ప్యాట్రిక్ నాలుగు మెట్లు మీకు తెలిసే ఉంటాయి, నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం వచ్చిందా అని, క్విజ్ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టండి.

అలసినకళ్ళు:
నేను తయారుచేసే మనిషిని కాదు, తీసుకున్న మనిషిని. రాత్రి పదకొండింటికి కూడా పని మెసేజ్‌లు వస్తున్న వారంలోనే మాకు 'గట్టిగా ఊపిరి తీసుకోండి' మాడ్యూల్ వచ్చింది, అది వింటూ నిజంగా ఏడ్చేశాను, ఎందుకంటే తప్పంతా నాదే, నేనే తట్టుకోలేకపోతున్నా అన్నట్టు అనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని, అంటే పనితో పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బు అనలేదండి, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అంది, పని దగ్గర ఎప్పటికీ తగ్గని ఒత్తిడిని సరిగా సర్దుబాటు చేయకపోతే వచ్చేది అని. 2024లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సర్వే సమాధానాలు చూస్తే, యాప్‌లు, మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యానం లాంటిది), రెసిలియన్స్ (ఒత్తిడిని తట్టుకునే) ట్రైనింగ్ లాంటివి తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కన్నా బాగున్నట్టు కనపడలేదు, ఒక్క వాలంటీరింగ్‌లోనే కాస్త తేడా కనిపించింది. అందుకని మీ కోర్సు ముందు మేనేజర్లకి పెట్టండి. పని ఎలా పంచాలి, మెసేజ్ ఎప్పుడు పంపకూడదు, ఎవరైనా 'నావల్ల కావట్లేదు' అంటే ఏం మాట్లాడాలి, ఇవి నేర్పండి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మేనేజర్ల ట్రైనింగ్ ఉంది.

నిదానం:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతా, ప్రైవసీ. కోర్సులో 'మీ మానసిక స్థితి ఎలా ఉంది' అని అడిగితే ఆ జవాబు ఎవరు చూస్తారో మొదటి స్క్రీన్‌లోనే చెప్పండి, పేర్లు తీసుకోకండి, చిన్న టీమ్‌ల ఫలితాలు విడిగా చూపించకండి, ఆరుగురున్న టీమ్‌లో ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది. కొలవాలంటే డబ్ల్యూహెచ్‌ఓ-5 అని ప్రపంచ ఆరోగ్య సంస్థది, మనసు ఎంత బాగుందో చూసే ఐదే ప్రశ్నలది ఉంది, గత రెండు వారాల గురించి అడుగుతుంది, కోర్సుకి ముందొకసారి, అయ్యాక కొన్ని నెలలకి ఒకసారి పెట్టొచ్చు. లైవ్ సెషన్‌లో పైవాళ్ల ముందు సొంత కష్టాలు చెప్పమని అస్సలు అడగొద్దు. ట్రైనింగ్ చికిత్స కాదు కదా, నిజంగా బాగోలేనివాళ్లు ఎవరితో మాట్లాడాలో ప్రతి మాడ్యూల్ కిందా ఉండాలి.

కొత్తపలక:
అలసినకళ్ళు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఆ ఊపిరి మాడ్యూల్ నా ప్లాన్‌లోనూ మొదటిదిగా ఉంది. తీసేశాను. నిన్న మా పైవాళ్లతో మాట్లాడా, మేనేజర్లకి ముందు నాలుగు వారాలు, తర్వాతే మిగతావాళ్లకి అంటే సరే అన్నారు, కోర్సు టైమ్‌ని పని గంటల్లోనే క్యాలెండర్‌లో బ్లాక్ చేయడానికీ ఒప్పుకున్నారు. సర్టిఫికెట్ దగ్గర మాత్రం ఆగింది, ఎంతమంది పూర్తిచేశారో లెక్క కావాలంటున్నారు. దానికి బదులు వాళ్లకి ఏ లెక్క చూపించొచ్చు?

పాఠాలపని:
పూర్తిచేసినవాళ్ల లెక్క ఇవ్వండి, గొడవెందుకు. దాని పక్కనే ఇంకోటి పెట్టండి, పని వేళలు దాటాక పోయిన మెసేజ్‌లు ఆ నాలుగు వారాల ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని, మొత్తం కంపెనీకి కలిపి, ఎవరి పేరూ లేకుండా. ఐటీవాళ్లని అడిగితే వస్తుంది.