నైట్ షిఫ్టాయన లెక్క చెప్పకుండ పోతడు, నూక నా మీద పడుతది. ఏం చెయ్యాలె?

మిర్యాలగూడ_డ్రయ్యర్:
బాయిల్డ్ రైస్ మిల్లుల పగటి షిఫ్టు డ్రయ్యర్ (ఆవిరి పట్టిన వడ్లు ఎండబెట్టే మిషిని) నాది. రాత్రి చేసేటాయన నాకన్న సీనియర్. పొద్దున ఆరింటికి నేనొచ్చేసరికే గేటు దాటుతడు. ఏ డ్రయ్యర్ ఎప్పుడు నింపిండో, ఎన్ని గంటలు తిరిగిందో చెప్పడు. నూక ఎక్కువొస్తే సేటు దగ్గర "పగటోళ్లు ఎక్కువ ఎండగొట్టిన్రు" అంటడు. అడిగితే గరమైతడు. కొట్లాట కాకుండ ఎట్ల?

మిల్లు_పని:
తమ్మీ, ఆయన గుణం మార్చుడు నీ పని కాదు. షిఫ్టు మారే టైంల తేమ ఎంతుందో కాయితం మీదికి రావాలె, అంతే. ఆవిరి పట్టినంక వడ్లల్ల 35 శాతం దాంక తేమ ఉంటది, మర ఆడించేటప్పటికి 13-14కు రావాలె. ఆయన రాత్రే 15కు దింపిండనుకో, నీకు తెల్వక ఇంకో రెండు గంటలు తిప్పితే గింజ పగులుతది, నూక నీ ఖాతాల పడుతది.

నోటుబుక్కుల గీతలు కొట్టి పెట్టు: డ్రయ్యర్ నంబరు, నింపిన టైం, వేడిగాలి ఉష్ణోగ్రత, ఆరు గంటల తేమ, ఇద్దరి సంతకాలు. కొంచెం కొంచెం టైం ఇడిసి మూడుసార్లు గింజ తియ్యి. డబ్బాల మూతపెట్టి చల్లారినంకనే మీటర్ల పొయ్యి, వేడి గింజకు మీటరు తప్పు చూపిస్తది. మీటరు ఆవిరి పట్టని వడ్ల సెట్టింగుల ఉన్నా అంతే.

పాలమూరు_సూపర్‌వైజర్:
బుక్కు మంచిదే, కానీ దాన్ని ముందు పెట్టి అడిగితే నేరం మోపినట్టు ఉంటుంది. హమాలీల ముందు వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఆయన డ్యూటీ ఎక్కేటప్పుడు, చాయ్ తాగే దగ్గర ఒక్కరే ఉండగా అడగండి: "అన్నా, పొద్దుగాల రెండో డ్రయ్యర్ తేమ ఎంతున్నదో చెప్పిపో, నేను ఆడినుంచి అందుకుంట." ఒక్క డ్రయ్యర్, ఒక్క అంకె. "నువ్వు ఎప్పుడూ చెప్పవు" అన్నారంటే మాట అక్కడే తెగిపోతుంది.

ఆరింటికే ఎందుకు ఉరుకుతున్నాడో కూడా కనుక్కోండి. ఊరి బస్సు కోసమైతే, ఆయన కోపం మీ మీద కాదు. షిఫ్టు పావుగంట ముందుకు జరిపితే సగం పని అయిపోతుంది. ఆ పావుగంటకు జీతం లెక్క కట్టాల్సింది యజమానే.

మిర్యాలగూడ_డ్రయ్యర్:
సంతకం పెట్టనంటే?

మిల్లు_పని:
నువ్వు బటన్ నొక్కకముందే తేమ చూడు, మీటరు అంకె ఫోటో తియ్యి, సూపర్‌వైజర్ సంతకం తీస్కో. ఆయన పేరు రాయకు, టైం, అంకె రాయి సాలు. ఒక్కటి మాత్రం యాదుంచుకో, నూకంత ఆయన మీదనే రుద్దుడు కూడ న్యాయం కాదు.

పాలమూరు_సూపర్‌వైజర్:
సేటు దగ్గరికి వారం రోజుల బుక్కుతో వెళ్లండి. "ఆయన మాట వినడు" అంటే ఇద్దరి పంచాయితీ అనుకుంటాడు. "బియ్యం కొనే ఎఫ్‌సీఐ బాయిల్డ్‌కు నూక 16 శాతం దాకే ఒప్పుకుంటది, తేమ 14 దాటితే ధర కోస్తది, షిఫ్టు మారే దగ్గర అంకె తెలియక లాట్ ఆ హద్దు దాటిపోతున్నది" అనండి. అడిగేది కూడా ఒక్కటే పెట్టుకోండి: సంతకం లేకుండా ఏ షిఫ్టూ గేటు దాటొద్దు, మీ షిఫ్టుతో సహా.