ఆర్ ప్రాక్టికల్స్‌కు అందరికీ ఉబుంటు పెట్టించాలా, ఉన్న విండోస్ మీదే కానివ్వాలా?

కొత్తపలక:
డిగ్రీ చివరి సంవత్సరం గణాంక శాస్త్రం పిల్లలకు వచ్చే నెల నుంచి ఆర్ (గణాంక లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) ప్రాక్టికల్స్ చెప్పాలి. 38 మంది ఉన్నారు. 31 మందికి విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఇద్దరికి మ్యాక్‌లు, ఒకరికి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం). మిగిలిన నలుగురికి ఏమీ లేదు, కాలేజీ ల్యాబే దిక్కు. వారానికి రెండు గంటలే ఇచ్చారు. అందరికీ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టించి మొదలుపెట్టడం మంచిదా, ఎవరికి ఉన్నదాని మీద వారికి ఆర్ ఎక్కించడం మంచిదా?

బాహుళకం:
నా పేరులోనే జవాబు ఉంది. ఎక్కువమంది దగ్గర ఏముంటే అదే. విండోస్.

సగటుమనిషి:
ఉబుంటు పెట్టించండి. ఊరికే చెప్పడం లేదు, పడి చెబుతున్నాను. 2019లో ఒక సర్వే వివరాలు నా చేతికి వచ్చాయి, ఊళ్ల పేర్లన్నీ తెలుగులో. విండోస్‌లో ఫైలు చదివించి పట్టిక తెరమీదకు తెస్తే ‘త’ ఉండాల్సిన చోట కోణపు బ్రాకెట్లలో దాని యూనికోడ్ సంఖ్య యూ+0సీ24, దాని ఎత్వానికి యూ+0సీ46. ఒక్కో ఊరి పేరు గజం పొడవు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు స్నేహితుడి ఉబుంటులో అదే ఫైలు, అదే కోడు నడిపిస్తే తెలుగు తెలుగులాగే వచ్చింది. ఇక ఆలోచించడానికి ఏముంది?

మధ్యగతం:
సగటుమనిషి గారూ, ఆ జబ్బుకు ఎప్పుడో మందు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన ఆర్ 4.2.0 నుంచి విండోస్‌లోనూ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ పట్టే సంకేత పద్ధతి) వాడుతున్నారు. విండోస్ 10లో 1903 వెర్షన్ గానీ, ఆ తర్వాతిది గానీ ఉంటే చాలు.

ఇక మీ ఉబుంటు సంగతి. 22.04 వెర్షన్‌లో నేరుగా ఏపీటీతో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఆదేశం) ఎక్కిస్తే వచ్చేది ఆర్ 4.1.2. మ్యాట్రిక్స్ అనే ప్యాకేజీ (ఆర్‌కు అదనంగా చేర్చుకునే కోడు మూట) కొత్తది కావాలంటే ఆర్ 4.4 ఉండాలి. పిల్లలకు ఈ ముక్క ఎవరు చెబుతారు? పైగా సీరాన్‌లో (ఆర్, దాని ప్యాకేజీలు దొరికే వెబ్‌సైటు) విండోస్‌కూ మ్యాక్‌కూ ప్యాకేజీలు వండిపెట్టిన అన్నంలా దొరుకుతాయి. లినక్స్ వారికి వడ్లు, అంటే మూల కోడు, ఇచ్చి దంచుకోమంటారు. లిబ్‌కర్ల్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీల డెవలప్‌మెంట్ ఫైళ్లు లేక, ఇరవై నిమిషాలు కంపైల్ అయ్యాక చివర్లో ‘నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్’ అని, అంటే పని విఫలమైందని, వస్తుంది. రెండు గంటల క్లాసు అక్కడికే సరి.

సగటుమనిషి:
వడ్లు దంచుకునే రోజులు పోయాయి. ఆర్‌టూయూ ఉంది. ఉబుంటుకు సరిపడా ముందే తయారుచేసిన ప్యాకేజీలు ఏపీటీతోనే నిమిషాల్లో దిగుతాయి. కొత్త ఆర్ కావాలంటే సీరాన్ వారి ఉబుంటు రిపాజిటరీ చేర్చుకోవాలి, రెండు మూడు లైన్ల పని. ఇంకో మాట. విండోస్‌లో తెలుగు శీర్షికతో గ్రాఫు గీసి పీడీఎఫ్‌గా భద్రపరచండి. అక్షరాల బదులు చుక్కలు వస్తాయి. దానికీ మందు వచ్చిందా?

మధ్యగతం:
చుక్కలు మీ ఉబుంటులోనూ వస్తాయి. అది ఆర్‌లో మామూలు పీడీఎఫ్ పద్ధతికి ఉన్న లోపం, విండోస్‌ది కాదు. ఆర్‌లోనే ఉన్న ఇంకో పద్ధతి, కైరో పీడీఎఫ్, వాడి చూడండి.

సగటుమనిషి:
నాకు ఉబుంటులో ఎప్పుడూ రాలేదు.

మధ్యగతం:
మామూలు పీడీఎఫ్‌తో చేశారా, కైరోతోనా?

సగటుమనిషి:
గుర్తులేదు. రాలేదన్నది మాత్రం గుర్తుంది.

రాత్రిబండి:
ఆ ఇద్దరు మ్యాక్ పిల్లలను కాస్త పట్టించుకోండి. ఎం1, ఎం2 చిప్‌లకు ఒక ఫైలు, పాత ఇంటెల్ మ్యాక్‌లకు ఇంకొకటి. ఇంటెల్ మ్యాక్‌లో మొదటిది, అంటే ఆర్మ్ ఫైలు, పనిచేయదు. ముందే చెప్పకపోతే తప్పుది దించుకుని వస్తారు.

మధ్యగతం:
సగటుమనిషి గారూ, ఒకే ఒక్క చేదు అనుభవానికి సగటు ఎంత పక్కకు జరుగుతుందో మీరే రుజువు చేస్తున్నారు. మధ్యగతం అలా కదలదు.

సగటుమనిషి:
వెటకారం బాగుంది. ఆ రెండు రాత్రులు నా పక్కన కూర్చుని ఉంటే ఈ మాట వచ్చేది కాదు. నాకు ఆర్ నేర్పిన వారికి ఫోను చేస్తే ‘నా దగ్గర పనిచేస్తోందే’ అని పెట్టేశారు. విండోస్‌లో అన్నీ సులువుగా ఎక్కించి ఇస్తారు. తర్వాత ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో వాళ్లకు తెలియదు, అడిగితే చెప్పేవారు ఉండరు. చెడగొట్టుకుని బాగుచేసుకోవడం కాలేజీలోనే రావాలి.

మధ్యగతం:
చెడగొట్టుకుంటే ఏమవుతుందో చెబుతాను, వినండి. నాలుగేళ్ల క్రితం నేనూ మీలాగే అందరికీ ఉబుంటు అన్నాను. ఒక అమ్మాయి విండోస్ పక్కనే ఉబుంటు పెట్టబోయి డిస్కు మొత్తం తుడిచేసింది. ల్యాప్‌టాప్ ఆమెది కాదు, అన్నయ్యది. అతని పెళ్లి ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు పోయాయి. మళ్లీ ఆ ల్యాప్‌టాప్ ఆమె చేతికి ఇవ్వలేదు. సంవత్సరమంతా పక్క అమ్మాయి తెర చూస్తూ ప్రాక్టికల్స్ గట్టెక్కింది. బాగుచేసుకునే అవకాశం మీకు దొరికింది, ఎందుకంటే కంప్యూటర్ మీది.

సగటుమనిషి:
డిస్కు విభజన దగ్గర చూసుకోలేదు. అది లినక్స్ తప్పు కాదు కదా.

మధ్యగతం:
లినక్స్ తప్పని నేను ఎక్కడన్నాను? నా తప్పు. చూసుకోవాల్సింది నేను.

రాత్రిబండి:
ఇద్దరూ కొంచెం మంచినీళ్లు తాగండి.

కొత్తపలక:
మీరు వాదించుకుంటూ ఉండగా ల్యాబుకు వెళ్లి చూసి వచ్చాను. విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి నాకు బెంగ లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోయినా ఆర్‌ను మన సొంత ఫోల్డరులో ఎక్కించుకోవచ్చు. కానీ ల్యాబులో ఉన్నవి 32 బిట్ విండోస్ 7 కంప్యూటర్లు. 4.2.0 నుంచి 32 బిట్ విండోస్‌కు ఆర్ తయారుచేయడం ఆపేశారు. ఇప్పుడు వాటిలో ఆర్ 3.6.1 ఉంది. మా ఊరి పేరు తెలుగులో కొట్టి పట్టికలో పెట్టాను. సగటుమనిషి గారు చెప్పినట్టే, కోడ్‌ల వరస.

సగటుమనిషి:
చెప్పానా లేదా!

మధ్యగతం:
వాటిలో ఉబుంటు పెట్టాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది ఎవరి దగ్గర ఉంది?

కొత్తపలక:
ల్యాబు చూసే ఆయన దగ్గర. ఆయన సెలవులో ఉన్నారు, ఎప్పుడు వస్తారో ఆఫీసులో చెప్పడం లేదు.

బాహుళకం:
అంటే ల్యాప్‌టాప్ ఉన్న 34 మంది గురించే ఇంతసేపూ కొట్టుకున్నాం. ఆ నలుగురి సంగతి?

కొత్తపలక:
ప్రస్తుతానికి నా ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఆ నలుగురినీ దాని ముందు కూర్చోబెడతాను. వంతులవారీగా కొడతారు.

సగటుమనిషి:
మంచిది. అందులో ఏముంది, ఉబుంటునా?