చైనాలోని గ్వాంగ్‌జౌలో బిజినెస్ హోటల్: నాన్నగారితో వెళ్తున్నాను, దిగినవాళ్లు చెప్పండి

భీమవరం ఏరేటర్లు:
అందరికీ నమస్కారం అండి. రొయ్యల చెరువులకి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మెషిన్లు) అమ్మి, రిపేర్లు చేసే షాపు మాది. ఏప్రిల్ 15 నుంచి 19 దాకా గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శన మొదటి విడత. మెషినరీ ఆ విడతలోనే ఉంటుందని గేరుబాక్సులు, మోటార్లు చూడటానికి వెళ్తున్నాం. నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. అయినా ఆయన లేకుండా వెళ్లలేను. గేరు చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ఉప్పునీళ్లలో ఎన్ని పంటలు ఆగుతుందో చెప్పేస్తారు.

వీసాలు వచ్చేశాయి. హోటల్ దగ్గరే టెన్షన్‌గా ఉంది. ఫెయిర్ పక్కన రేట్లు మండిపోతున్నాయి, దూరంగా తీసుకుంటే ఇబ్బందా? డబ్బు ఎలా కట్టాలి? ఆయన పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టరు. రాత్రి అమ్మతో మాట్లాడందే పడుకోరు. అక్కడ వాట్సాప్ రాదంటున్నారు, నిజమేనా?

నరసాపురం లేసు:
తమ్ముడూ, మాది లేసు వ్యాపారం. 2019 నుంచి నాలుగుసార్లు గ్వాంగ్‌జౌ వెళ్లాను. హైజూ వైపు బట్టల మార్కెట్లో మెషిన్ లేసు ఏ రేటుకి అమ్ముతున్నారో, మా ఆడవాళ్లు చేత్తో అల్లే డిజైన్లలో మెషిన్‌కి ఇంకా రానివేవో కళ్లారా చూసుకోవాలి కదా.

ముందు ఒక్క పని చెయ్యి. డబ్బు కట్టకముందే హోటల్‌కి మెసేజ్ పెట్టు: "మావి ఇండియా పాస్‌పోర్టులు, రూమ్ ఇస్తారా?" అని. జవాబు వచ్చాకే బుక్ చెయ్యి. మొదటిసారి నేను అడగలేదు. రాత్రి పదకొండింటికి పెట్టె ఈడ్చుకుంటూ వెళ్తే, కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్ట్ తిరగేసి, ఫోన్లో అనువాదం చూపించింది: విదేశీయులకి ఇక్కడ రూమ్ లేదని. బుకింగ్ కాగితం చూపించినా లాభం లేకపోయింది. ఒంటరిగా, తెలియని ఊళ్లో, వానలో ఇంకో హోటల్ వెతుక్కున్నాను. ఆ భయం ఇంకా నాకు గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. విదేశీయులని కాదనకూడదని 2024లో అక్కడి ప్రభుత్వమే హోటళ్లకి చెప్పింది. కానీ చిన్న హోటళ్లలో పాస్‌పోర్ట్ వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం రానివాళ్లు ఉంటారు, అర్ధరాత్రి వాళ్లతో వాదించే ఓపిక పెద్దాయనకి ఉండదు.

విదేశీయులు వచ్చిన 24 గంటల్లో పోలీసు రికార్డులో నమోదు కావాలి. హోటల్లో దిగితే ఆ పని వాళ్లే చేస్తారు. ఇద్దరి పాస్‌పోర్టులూ ఇవ్వాలి. వీసా పేజీ, దిగినప్పుడు ముద్ర వేసిన పేజీ కూడా స్కాన్ చేస్తారు. కంగారు పడకండి.

డిపాజిట్ అడుగుతారు. నా దగ్గర పోయినసారి 300 యువాన్లు తీసుకున్నారు. యువాన్‌కి ఎన్ని రూపాయలో ఆ రోజు రేటు చూసుకో. మన ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ పనిచేయవు. ఇక్కడ ఉండగానే అలీపే (ఫోన్‌పే లాంటి వాళ్ల యాప్) పెట్టుకుని, పాస్‌పోర్ట్‌తో వెరిఫై చేసి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ కలుపుకో. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం చార్జీ పడుతుంది. కొంత నగదు కూడా జేబులో ఉంచుకో, కార్డు మొరాయిస్తే అదే ఆదుకుంటుంది.

దూరమైనా ఫర్వాలేదు గానీ మెట్రో లైన్ 8 పక్కన చూసుకో. ఫెయిర్ దగ్గరి పాజౌ స్టేషన్ ఆ లైన్ మీదే ఉంది. ఫెయిర్ రోజుల్లో బస్సు నడిపే హోటళ్లూ ఉంటాయి, అడుగు. దిగగానే కౌంటర్లో హోటల్ అడ్రస్ చైనా అక్షరాల్లో ఉన్న కార్డు తీసుకుని నాన్నగారి చొక్కా జేబులో పెట్టు. ఆ జనంలో తప్పిపోయినా టాక్సీ అతనికి చూపిస్తే చాలు.

రూమ్ తీసుకునేటప్పుడు రెండు మంచాలు కావాలని రాయి. చాలా హోటళ్లలో బాత్రూమ్‌కి మంచం వైపు అద్దం గోడ ఉంటుంది. తెర ఉందో లేదో చూసుకో, లేకపోతే పెద్దాయన ఇబ్బంది పడతారు. నీళ్ల సీసా అడిగితే ఒక్కోచోట రోబో తెస్తుంది. అదే లిఫ్ట్ ఎక్కి, తలుపు దగ్గరికొచ్చి రూమ్ ఫోన్ మోగిస్తుంది. ఎత్తితే చైనా భాషలో రికార్డు మాట వినబడుతుంది, గాభరా పడొద్దని ముందే చెప్పు.

ఖాళీ చేసే రోజు అరగంట ముందే కిందికి రండి. పనిమనిషి పైకెళ్లి రూమ్ చూసి "సరే" అన్నాకే డిపాజిట్ తిరిగిస్తారు. పోయినసారి నేను అలా కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే, రూమ్ చూడటానికెళ్లిన ఆవిడ పరుగున వచ్చింది. ఏం విరిగిందోనని గుండె ఝల్లుమంది. చేతిలో టిష్యూ కాగితం మడత. విప్పితే మా లేసు శాంపిల్, అరచేయంత గుండ్రని ముక్క, దిండు కింద మర్చిపోయాను. ఇచ్చేసి వెళ్లిపోలేదు. అంచు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపి, ముడులన్నీ తడిమి, రెండు చేతులతో అల్లుతున్నట్టు చూపించి నా ముఖంలోకి చూసింది. చేత్తోనా అని. అవునన్నాను. మెషిన్ లేసు టన్నుల్లో దొరికే ఊళ్లో ఆవిడ వేళ్లకి తేడా తెలిసింది. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చేది) వచ్చినప్పుడు ఎంత సంతోషపడ్డానో, ఆ రోజూ అంతే సంతోషపడ్డాను. ఆ ముక్క ఆవిడకే ఇచ్చి వచ్చాను.

అమలాపురం అమ్మాయి:
అన్నయ్యా, నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు. మీ ఇండియా సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే దాని డేటా మీద వాట్సాప్ పనిచేస్తుంది. మనకన్నా వాళ్లు రెండున్నర గంటలు ముందుంటారు. అమ్మగారు ఇక్కడ తొమ్మిదింటికి ఫోన్ చేస్తే మీకు అక్కడ పదకొండున్నర, కాబట్టి ఆవిడని ఏడింటికే చేయమనండి.

పొద్దున్న హోటల్లో అన్నం జావ పెడతారు, మన గంజన్నంలా చప్పగా ఉంటుంది. అంకుల్‌కి నచ్చుతుంది కానీ షుగర్ త్వరగా పెరుగుతుంది. ముందు ఉడికించిన గుడ్లు, వేయించిన ఆకుకూర తిననిచ్చి, జావ చిన్న గిన్నెడే పోయండి. తెల్లటి ఆవిరి బన్నుల్లో చాలావరకు పంది మాంసమే కూరతారు, అడక్కుండా కొరకొద్దు. పంది మాంసం వద్దు అంటే "బు యావ్ జూరౌ", గొడ్డు మాంసం వద్దు అంటే "బు యావ్ న్యూరౌ", పంచదార వద్దంటే "బు యావ్ థాంగ్". మనం పలికితే రాగం తేడా వల్ల వాళ్లకి అందకపోవచ్చు, చైనా అక్షరాల్లో ఫోన్లో ఉంచుకుని చూపించండి. మన కూర మీద మనసు పోతే షావ్‌బే స్టేషన్ చుట్టుపక్కల ఇండియన్, హలాల్ హోటళ్లు ఉన్నాయి.

తణుకు రైస్‌మిల్లు:
కలర్ సార్టర్ (రంగు మారిన బియ్యం ఏరే మెషిన్) కోసం చైనాలోనే హఫే అనే ఊరు వెళ్లొచ్చానండి. చైనా లోపల ఊరి నుంచి ఊరికి విమానం ఎక్కే పనుంటే పవర్ బ్యాంక్ మీద 3సీ ముద్ర (వాళ్ల భద్రతా గుర్తు) చూసుకోండి. 2025 జూన్ 28 నుంచి అది లేనిది లోపలి విమానాల్లో ఎక్కనివ్వరు. హోటల్ బిల్లు ఆడిటర్‌కి చూపించాలంటే ఖాళీ చేసేటప్పుడు "ఫాప్యావ్" అని అడగండి, అదే వాళ్ల అసలు బిల్లు.

భీమవరం ఏరేటర్లు:
అక్కా, చెల్లెమ్మా, మిల్లుగారూ, మీ మేలు మర్చిపోను. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. లేసు ముక్క దగ్గర ఆగి, ఇంకోసారి చదవమన్నారు. ఒక్క సందేహం, అమ్మ కోడి పచ్చడి పెడతానంటోంది.

నరసాపురం లేసు:
వద్దు తమ్ముడూ. మాంసం పచ్చి అయినా వండినదైనా చైనాలోకి తేనివ్వరు. గోంగూర పెట్టమను, మూత చుట్టూ టేపు వేసి పెద్ద పెట్టెలో సర్దు.

భీమవరం ఏరేటర్లు:
రూమ్ బుక్ అయిందక్కా. లైన్ 8 పక్కనే, రెండు మంచాలు, బాత్రూమ్ అద్దానికి తెర ఉంది. ఇండియా పాస్‌పోర్ట్ తీసుకుంటామని రాసి పంపారు, ప్రింట్ తీశాను. అమ్మ గోంగూర కోయడానికి పెరట్లోకి వెళ్లింది.