అప్‌డేట్: ఆత్మహత్య ముప్పు అంచనా ఎట్ల నేర్చుకోవాలె అని అడిగిన కదా

నల్లగొండ జిల్లాల కౌన్సెలర్‌ని. ‘బతకాలని లేదు’ అని ఎవరన్నా అంటే ముందు ఏం అడగాలె, ఎక్కడ నేర్చుకోవాలె అని మొన్న అడిగిన.

మీరు చెప్పినట్టే కొలంబియా స్కేల్‌తోని (ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాల గురించి అడిగే ప్రశ్నల ఫారం) మొదలుపెట్టిన. ఫారం చిన్నదే, రోల్‌ప్లేనే కష్టం. మా సీనియర్ మేడం అప్పులపాలైన పత్తిరైతు లెక్క కూసుంటది. ‘పిచ్చి ఆలోచనలేమన్న వస్తున్నయా?’ అన్ననో, అక్కడ్నే ఆపుతది. ‘చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగ అడుగు’ అంటది. అట్ల అడిగితే లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు చెప్తనే ఉన్నయి, అయినా మొదట్ల నోరు రాదు.

స్కోరు చూసి రేపేమైతదో ఎవ్వరం చెప్పలేం. అందుకే స్టాన్లీ-బ్రౌన్ సేఫ్టీ ప్లాన్ (ఆ ఆలోచనలొచ్చినప్పుడు ఏం చెయ్యాలె, ఎవరికి చెప్పాలె అని ముందే రాసుకునే కాయిదం) మీదనే ఎక్కువ టైం పెడుతున్నం. ఇంట్ల పురుగుమందు ఎక్కడుంది, తాళంచెవి ఎవరి దగ్గరుంచాలె అని మనిషితోని, ఇంటోళ్లతోని కూసొని తేల్చుకోవాలె. ఫారంల ఒక్క ముక్కనే గానీ మా ఊర్లల్ల అదే పెద్ద పని. కేసైతదని ఆత్మహత్యాయత్నం దాచెటోళ్లకు 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెప్తున్న; తీవ్ర ఒత్తిడిల చేసిన్రని భావించి మామూలుగ శిక్షించొద్దని అందుల ఉంది. పొయ్యేటప్పుడు టెలిమానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 రాసిస్తున్న, తెలుగులనే మాట్లాడ్తరు.

హాస్టల్ పిల్లలతోని ఈ ప్రశ్నలు ఎట్ల అడుగుతున్నరో, చేసినోళ్లుంటే చెప్పుండ్రి.