కమాను కుంగితే కాసు, కట్ట విరిగితే... ఏంటి?

బేతంచెర్ల బండి:
రెండు వారాలుగా ఒక మాట బుర్ర తొలిచేస్తోంది. మా నాన్న 1968 నుంచి 1984 దాకా లారీ నడిపారు. మొదట బెడ్‌ఫోర్డ్, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొన్న టాటా మెర్సిడెస్ 1210. ముందు జల్లెడ మీద మూడు కొమ్మల నక్షత్రం ఉండేది కాబట్టి మా వైపు దాన్ని బెంజి లారీ అనేవాళ్ళు. బేతంచెర్ల నాపరాళ్ళు ఎత్తుకుని నంద్యాల, గిద్దలూరు ఘాట్ మీదుగా గుంటూరు వైపు పోయేవారు. లోడు ఎక్కుతున్నంతసేపూ ఆయన వెనక చక్రం పక్కన గొంతుకూర్చుని కమాన్ కట్టల (లోడు మోసే స్ప్రింగు పట్టీల) కేసి చూస్తూ ఒక మాట అనేవారు. "కమాను కుంగితే కాసు, కట్ట విరిగితే..." అక్కడే ఆగిపోతోంది నాకు. చివరి మాట రెండక్షరాలు, రెండోది సకారం. 'సు' కావచ్చు, 'సి' కావచ్చు. లారీల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళెవరైనా విన్నారా?

ఫియట్ పంతులు:
కేసు. ఇంత ఆలోచన ఎందుకు? లోడు ఎక్కువైతే డబ్బు, బండి రోడ్డు మీద కూలబడితే ఓవర్‌లోడ్ కేసు. కాసు, కేసు, ప్రాస కూడా కుదిరింది.

యతిమైత్రి:
కుదరలేదు పంతులుగారూ. మొదటి ముక్క చూడండి: కమాను, కాసు. క-కా, యతి (మొదటి అక్షరానికి జోడీ అక్షరం) నిక్షేపంగా పడింది. రెండో ముక్క 'కట్ట'తో మొదలైంది కాబట్టి అక్కడా అ, ఆ, ఐ, ఔల గుంపులో అచ్చు ఉన్న అక్షరమే పడాలి. 'కే' ఇ, ఎల గుంపులోకి పోతుంది. నా ఓటు 'గాసి'కి. క, గ ఒకే వర్గం కాబట్టి క-గా వర్గయతి, అర్థం బాధ, అలసట. గాసిపడు, గాసిలు అని పాత కావ్యాల్లో చూసే ఉంటారు. కుంగితే కాసు, విరిగితే గాసి. ఇంతకన్నా ఏం కావాలి?

ఫియట్ పంతులు:
లారీ డ్రైవరు వర్గయతి చూసుకుని మాట్లాడతాడా సార్?

యతిమైత్రి:
చూసుకోడు. నోట్లో అదే పడుతుంది. "కలిమిలేములు కావడి కుండలు" అన్నవాడు ఛందస్సు చదివి అన్నాడా?

ఫియట్ పంతులు:
మరి "అందని ద్రాక్షపళ్ళు పుల్లన"లో యతి ఎక్కడుందో సెలవివ్వండి.

యతిమైత్రి:
అది మన సామెత కాదు, ఈసపు కథ. ద్రాక్షతోట కమ్మరోడిదో కుమ్మరోడిదో అయితే అప్పుడు మాట్లాడదాం.

కమాన్ చౌరస్తా:
గాసి అని ఇప్పుడెవరంటారు సార్, కావ్యాల్లో తప్ప? మా కరీంనగర్‌లో అయితే గోస. "కట్ట ఇరిగితే గోస." అయినా మేం కట్ట అని కూడా అనం, కమాన్ పట్టీ అంటాం. ఉర్దూలో కమానీ అంటే స్ప్రింగు, పట్టా అంటే దాంట్లో ఒక రేకు. ఇంకో సంగతి, మా ఊళ్ళో ఆటో ఎక్కి "కమాన్ కాడ దించు" అంటే ఏ లారీ కిందా దించరు, పాత కమాను దగ్గరే దించుతారు. హైదరాబాద్ చార్ కమాన్ కూడా అదే మాట. ఫారసీలో కమాన్ అంటే విల్లు. వంగిందల్లా కమానే, అది దర్వాజా అయినా లారీ స్ప్రింగు అయినా.

యతిమైత్రి:
గోసలో ఓకారం అక్కా. 'క'తో చెల్లదు.

కమాన్ చౌరస్తా:
బతుకులో చెల్లుతోంది కదన్నా, చాలు.

గ్యారేజి తాత:
ముప్పై ఏళ్ళు బస్సుల కింద పడుకున్నవాణ్ణి. మీరు గాసి, గోస అని కొట్టుకుంటున్నారు గానీ అసలు తప్పు ఇంకోచోట ఉంది. కట్ట విరగదు. పొడవాటి పట్టాని మెయిన్ అంటాం. దాని రెండు చివర్లూ చుట్టి కళ్ళలా చేసి అందులో బుష్‌లు దిగ్గొడతాం. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టి పట్టాలు. అన్నింటినీ గుచ్చుతూ నడుమ ఒక సెంటర్ బోల్టు, అటూ ఇటూ యు బోల్టులు. ఇదంతా కలిస్తే కట్ట, నోట్ల కట్ట, కట్టెల కట్ట లాగా. విరిగేది పట్టా. సెంటర్ బోల్టు తెగిందనుకోండి, కట్ట చెదురుతుంది, యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది, బండి ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తుంది. కాబట్టి మీ నాన్నగారు "పట్టా విరిగితే" అని ఉండాలి, లేదంటే "కట్ట చెదిరితే" అనాలి. పని తెలిసిన డ్రైవరు "కట్ట విరిగితే" అనడు.

యతిమైత్రి:
తాతగారూ, 'పట్టా' అంటే నా యతి మొత్తం పోతుంది.

గ్యారేజి తాత:
పోనీండి నాయనా. యతి పోయినా బండి నడుస్తుంది, సెంటర్ బోల్టు పోతే నడవదు.

బేతంచెర్ల బండి:
తాతగారూ, మీరు చెప్పింది నిజమే గానీ మా వైపు పట్టా విరిగినా "కట్ట ఇరిగింది" అనే అంటారు. అద్దం మీద చిన్న గీత పడితే "అద్దం పగిలింది" అనమూ? అలాగే ఇదీ. 'క' మాత్రం నా చెవిలో గట్టిగా ఉంది.

చెరువుగట్టు:
ఆలస్యంగా వచ్చాను. ఇది లారీ సామెతే కాదేమో. కమాను అంటే తూము మీద కట్టే కమాను, కట్ట అంటే చెరువు కట్ట. లారీలు రాకముందు నుంచీ ఉన్న రైతు మాటను డ్రైవర్లు ఎత్తుకుని ఉంటారు.

కమాన్ చౌరస్తా:
చెరువు కట్ట తెగుతుంది, గండి పడుతుంది. విరిగిన చెరువు కట్టను మీరెక్కడ చూశారు?

చెరువుగట్టు:
సరే, ఒప్పుకున్నా. మరి బ్రౌన్ దొర నిఘంటువు 1852 నాటిది కదా. అప్పటికి లారీ లేదు. స్ప్రింగు అనే అర్థంలో కమాను తెలుగులోకి ఎప్పుడొచ్చి ఉంటుంది?

గ్యారేజి తాత:
లారీ లేకపోతే ఏం, దొరల గుర్రపు కోచీలకి స్ప్రింగులు లేవూ? వాటికీ ఇవే ఉక్కు పట్టాల కట్టలు. వాటిని బాగుచేసిన కమ్మర్ల కొలిమిలోనే ఈ మాట కూడా కాలి వంగి ఉంటుంది. తర్వాత మోటార్లొచ్చాయి, కమ్మరి మారలేదు. మా రోజుల్లో కూడా కట్ట చదునైపోతే విప్పి, కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి మళ్ళీ విల్లులా వంచి తెచ్చుకునేవాళ్ళం. విరిగిన పట్టా ముక్క వృథా పోయేది కాదు, కొడవలో కత్తో అయ్యేది. కసాయివాళ్ళు ఏరికోరి అడిగేవాళ్ళు, అంత గట్టి ఉక్కు అది.

ఫియట్ పంతులు:
ఆగండాగండి. "కట్ట విరిగితే కత్తి"! యతిమైత్రిగారూ, క-క, మీ యతికి ఢోకా లేదు. అర్థం చూడండి, కుంగినంతకాలం కాసు తెస్తుంది, విరిగాక కూడా కత్తిగా పనికొస్తుంది. ఉక్కు గొప్పతనం చెప్పే మాట.

యతిమైత్రి:
యతి చెల్లుతుంది, అది నాకూ బాధగానే ఉంది. కానీ సకారం ఏదీ?

బేతంచెర్ల బండి:
సకారమే. ఒట్టు.

ఫియట్ పంతులు:
సర్లెండి. కట్టల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. నా దగ్గర 1978 పద్మిని కారు ఉంది, ఇప్పటికీ నడుస్తోంది, స్టీరింగ్ పక్కనే గేరు. కొత్త కుర్రాళ్ళు ఎక్కి గేరు కోసం కాళ్ళ మధ్య వెతుక్కుంటారు. అదీ, అంబాసిడరూ, రెండింటికీ వెనకాల లారీల్లాగే కట్టలే. అంబాసిడర్‌కి ముందు మాత్రం టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. మద్రాసులో తయారైన పాత స్టాండర్డ్ హెరాల్డ్ అయితే ఇంకా చిత్రం, వెనక ఒకటే కట్ట, అదీ బండికి అడ్డంగా. ఓసారి పెళ్ళికి పోతూ మా మామగారి కారులో ఎనిమిది మందిమి ఎక్కాం, పైన ట్రంకు పెట్టెలు. మార్టూరు దాటాక టప్‌మని శబ్దం. తప్పు బండిది కాదు, మాదే. మామగారు సరుగుడు దుంగ ఒకటి సంపాదించి యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య దూర్చి, మోకుతో బిగించి, ఇరవై స్పీడులో ముహూర్తానికి చేర్చారు. ఆ రోజు ఆయన అన్నమాట గాసీ కాదు, కేసూ కాదు, ఇక్కడ రాయలేను.

గ్యారేజి తాత:
దుంగ కొట్టడం సరైన పనే. దాంతోపాటు ఇంజను స్టార్టు చేయడానికి హ్యాండిల్ కొట్టడం కూడా ఈ కాలం వాళ్ళకి చెప్పండి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఆనించాలి. ఇంజను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. నాకు తెలిసిన విరుగుడు అదొక్కటే.

యతిమైత్రి:
తాతగారు శ్లేష వేశారు, ఎవరూ గమనించలేదు.

నాకు మాత్రం ఈ సామెత వింటే శ్రీనాథుడే గుర్తొస్తున్నాడు. గౌడడిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నవాడు. చివరికి బొడ్డుపల్లె గుత్తకి తీసుకుంటే కృష్ణ పొంగి పంట పోయింది, మిగిలింది పిట్టలు తిన్నాయి, ఏడునూర్ల టంకాలు కట్టలేక భుజాన నల్లగుండు మోశాడని చాటుపద్యం. కాసు నుంచి గాసిదాకా ఒక్క మనిషి బతుకులో ఇంతకన్నా ఎవరు నడిచారు?

కమాన్ చౌరస్తా:
అన్నా, ఆయన మోసింది రాయే, వీళ్ళ నాన్న మోసిందీ రాయే. కానీ ఆయన భుజానికి కట్టలు లేవు పాపం.

చెరువుగట్టు:
ఆ పద్యం శ్రీనాథుడిదేనని గ్యారంటీ ఏంటి? చాటువుల్లో సగం ఆయన పేరు మీద ఎవరో కట్టినవి అంటారు.

యతిమైత్రి:
మళ్ళీ మొదలుపెట్టకండి. ఎవరు కట్టినా, ఆ గొంతు ఆయనది.

చెరువుగట్టు:
గొంతు అంటే సాక్ష్యం కాదు కదండీ. ఇప్పుడు మనం వెతుకుతున్నదీ అంతే, ఒక కొడుకు చెవిలో మిగిలిన సకారం.

బేతంచెర్ల బండి:
మీరందరూ శ్రీనాథుడి దగ్గర ఉండగా నేను మా అమ్మకి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ళు ఆమెకి. సామెత మొదలు చెప్పానో లేదో పడీపడీ నవ్వింది. మీ నాన్న దాన్ని సొంతంగా కట్టలేదు, కడప నుంచి వచ్చిన క్లీనర్ ఒకాయన నేర్పాడు అంది. కట్టా పట్టానా అని అడిగితే "నాకేం తెలుసు, నేను లారీ కింద పడుకున్నానా" అంది. చివరి మాట అడిగితే మాత్రం చెప్పలేదు. అది బూతట. పిల్లలం పక్కన ఉంటే నాన్న ఆ మాట మింగేసి, పళ్ళ మధ్య నుంచి 'స్స్' అని గాలి వదిలేవారట. ఇన్నేళ్ళూ నా చెవిలో ఉన్న సకారం అదే.

ఫియట్ పంతులు:
హతోస్మి. అంటే రాత్రంతా గాలికి అర్థం వెతికాం.

కమాన్ చౌరస్తా:
అమ్మకి దండం పెట్టానని చెప్పన్నా.

యతిమైత్రి:
అమ్మగారిని ఇబ్బంది పెట్టొద్దు. మొత్తం మాట అక్కర్లేదు, మొదటి అక్షరం ఒక్కటి అడిగి చెప్పండి చాలు. 'క'నా, 'గ'నా?