వాలు ర్యాకులో కింది యాంప్లిఫయర్ కూర్చోవడం లేదు, సాయం చేయండి

కావలి భజన మందిరం:
మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాను, ఇప్పుడు రాత్రి పదకొండు. మందిరం మైకుసెట్టుకు ర్యాకు సొంతంగా చేస్తున్నాను. 18 మి.మీ. ప్లైవుడ్, లోపలి వెడల్పు 486, ముందు భాగం 15 డిగ్రీల వాలు. ర్యాకులో పరికరాల ఎత్తుకు కొలత యూనిట్, ఒక యూనిట్ 44.45 మి.మీ. కనుక 12 యూనిట్లకు 533. పరికరాల ముఖాలు బిగించే పట్టీలకు రంధ్రాలు కూడా 15.9, 15.9, 12.7 దూరాల్లోనే వేశాను. అన్నీ సరిగ్గా ఉన్నా కింది యాంప్లిఫయర్ ముఖం పట్టీకి రెండు వేళ్ల దూరంలో ఆగిపోతోంది. తోస్తే వెనక కరకరమంటోంది. ఎల్లుండి శనివారం భజన. ఎక్కడ తప్పింది?

ఒంగోలు చెక్కపని:
ముందు ప్లైవుడ్ ఏ రకమో చెప్పండి. మన తీరంలో ఉప్పుగాలికి మామూలు చెక్క అంచులు రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతాయి. నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోవాలి. కోసిన అంచులకు రెండు పూతలు వార్నిష్ పట్టించాలి. కోత అంచును తడివేలితో రుద్ది చూడండి, నీరు వెంటనే ఇంకిపోతే అక్కడ రక్షణ లేనట్టే.

సౌండ్ సర్వీస్:
యాంప్లిఫయర్ లోతు ఎంత?

కావలి భజన మందిరం:
ముఖం వెనక 430. లోతుతో పనేమిటండీ, పెట్టె వెనక భాగం తెరిచే ఉంది కదా.

సింగరాయకొండ వడ్రంగి:
డిగ్రీలంటే కోతలో తేడా వస్తుంది తమ్ముడూ. అడుగు ఎత్తుకు మూడుంపావు అంగుళాల వాలు అని గీసుకో. మూలమట్టం ఆనించి రెండు చుక్కలు పెట్టి కలిపితే చాలు. ఇంతకీ వాలు ముందుకా, వెనక్కా?

కావలి భజన మందిరం:
ముందుకు వాలు.

సౌండ్ సర్వీస్:
ముందుకు వాలితే మీటలు నేలను చూస్తాయి. మీది వెనక్కి వాలు.

సింగరాయకొండ వడ్రంగి:
మాలో నిలబడ్డవారికి ముఖం కనబడేట్టు పెడితే ముందుకు వాలు అనే అంటారు. పేరు ఏదైనా కొలత ఒకటే. 533 నిలువునా కొలిచారా, వాలు అంచు వెంట కొలిచారా? నిలువునా కొలిస్తే వాలు అంచు 552 అవుతుంది, పైన 19 మి.మీ. సందు మిగులుతుంది.

కావలి భజన మందిరం:
వాలు అంచు వెంటే. సందు లేదు. కింద 100 మి.మీ. అడ్డచెక్క ఉంది, దాని పై నుంచి యూనిట్లు మొదలవుతాయి. ఇది ముందే చెప్పాల్సింది.

సౌండ్ సర్వీస్:
తప్పు అక్కడే ఉంది. ముఖం 15 డిగ్రీలు వెనక్కి వాలితే యాంప్లిఫయర్ వెనక భాగం అదే కోణంలో కిందికి దిగుతుంది. లోతు 430ని 15 డిగ్రీల సైన్ 0.2588తో గుణిస్తే దిగేది 111. మీకు ఉన్నది 100. వెనక మూల అడుగు చెక్కకు తగులుతోంది. యాంప్లిఫయర్‌ను ఒక యూనిట్ పైకి జరపండి, నిలువునా ఇంకో 43 మి.మీ. దొరికి 143 అవుతుంది. తీగల పిన్నులకు లోతులో 60 కలుపుకున్నా దిగేది 127కి మించదు. ఖాళీ యూనిట్‌లో గాలి రంధ్రాల పలక బిగించండి.

ఒంగోలు చెక్కపని:
కరకరమన్న చోట అడుగు చెక్క పైపొర చిట్లి ఉంటుంది. చూసి పూత వేయండి, తేమ చేరేది అలాంటి చోటే.

సింగరాయకొండ వడ్రంగి:
అడుగు చెక్క ముందు అంచును కూడా 15 డిగ్రీలు చెక్కారా? లేకపోతే అడ్డచెక్క ఒక గీతమీదే ఆనుతుంది, మేకు పట్టు నిలవదు.

కావలి భజన మందిరం:
ఒక యూనిట్ పైకి జరిపాను, కూర్చుంది. అందరికీ ధన్యవాదాలు. 14 కిలోల బరువు ముందు నాలుగు మరల మీదే ఉంది. వెనక ఆసరా పట్టీని కూడా 15 డిగ్రీల వాలులోనే బిగించాలా?