అప్‌డేట్: ఎర్ల్ భార్య కౌంటెస్ ఎందుకైంది?

ఇంగ్లండ్‌లో ఎర్ల్ (ప్రభువులకిచ్చే ఒక బిరుదు) భార్యను కౌంటెస్ అని ఎందుకంటారని మొన్న అడిగాను కదా, జవాబు దొరికింది. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.

ఎర్ల్ అనేది పాత ఇంగ్లీషు మాట, స్కాండినేవియా వాళ్ల యార్ల్‌కు చుట్టం. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చిపడ్డాయి. వాళ్ల దగ్గర ఆ హోదాకు పేరు కౌంట్. దాని మూలం లాటిన్ 'కోమెస్', అంటే తోడుండేవాడు. రోమన్ చక్రవర్తి వెంట ఉండే పెద్దలను అలా పిలిచేవారు. అయినా మగవాళ్లకు ఎర్ల్ పేరే నిలిచింది. దానికి స్త్రీలింగ రూపం లేదు, అందుకే భార్యకు కౌంటెస్ స్థిరపడింది. నాకు భలే నచ్చిన సంగతి, కౌంట్ బిరుదు అక్కడ నిలవకపోయినా దాన్నుంచి వచ్చిన కౌంటీ (జిల్లా లాంటిది) అనే మాట మాత్రం ఉండిపోయింది!

వైకౌంట్ గురించి అడిగినవారికి: కౌంట్‌కు బదులుగా పనిచేసేవాడని అర్థం. ఇంగ్లండ్‌లో ఆ బిరుదు మొదట ఇచ్చింది 1440లో.